అట్ట మీద మన ఊరు

పత్తికట్టె ఇంకో గుప్పెడు ఎగదోసి, పొగ రాని పక్కకి జరిగి కూర్చోండి. ఇయ్యాల దెయ్యాల కథ కాదు, అట్టబొమ్మల కథ. మన కాకుమానులో ఒకప్పుడు కుర్రాళ్లమంతా కూడి చేత్తో రాసి ఒక పత్రిక తీసేవాళ్లం. అచ్చు లేదు, మిషను లేదు, ఉండేది ఒకే ఒక్క ప్రతి. దాని సంక్రాంతి సంచికకి అట్ట ఎట్టా పుట్టిందో చెబుతా. ఆ సంగతి తెలిసినవాళ్లు ఊళ్లో తగ్గిపోతున్నారు, అందుకని మీ చెవిన వేస్తున్నా.

1960ల చివరి మాట ఇది. అప్పట్లో వ్రాతపత్రికలు మామూలే. హైస్కూల్లో ఒకటి, గ్రంథాలయంలో ఒకటి, పండక్కో పంద్రాగస్టుకో తీసేవాళ్లు. కథలు, పద్యాలు, ఊరి కబుర్లు, ఒకటీ అరా కార్టూన్లు ఉండేవి. దస్తూరీ బాగున్నవాడు అన్నీ ఎత్తి రాసేవాడు, చెయ్యి తిరిగినవాడు బొమ్మలు వేసేవాడు, ఓపికున్నవాడు దారంతో కుట్టేవాడు. గ్రంథాలయంలో బల్ల మీద పెడితే ఊరంతా వంతులేసుకుని చదివేది. మన గుంటూరు జిల్లాకి పుస్తకం మీద ఉన్న మమకారం ఇయ్యాళ్టిది కాదు. పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు 1935లోనే పుస్తకాలని పడవకెక్కించి కాలవ వెంబడి ఊళ్లకి తిప్పారు. చదువుకోటానికి జనం రాకపోతే పుస్తకాన్నే జనం దగ్గరికి పంపిన జిల్లా ఇది. మా నాన్నల తరం ఆ గాలి పీల్చి పెరిగింది, వాళ్ల వెనకాల మేం.

పత్రికలు రైల్లో బాపట్ల దిగి, అక్కణ్ణించి బస్సులో మన ఊరికి వచ్చేవి. చందమామ, ఆంధ్రపత్రిక వీక్లీ, ఆంధ్రప్రభ, యువ, జ్యోతి. 1967లో ఆంధ్రజ్యోతి వీక్లీ కూడా తోడైంది. ఇవి కాక సోవియట్ భూమి. దాని కాగితం నున్నగా, దళసరిగా మెరిసేది. చదివినవాళ్లూ చదవనివాళ్లూ అందరూ పిల్లల పుస్తకాలకి అట్టలు వేసేది దాంతోనే. మా క్లాసులో సగం మంది లెక్కల పుస్తకాల మీద ట్రాక్టర్లూ, గోధుమ చేలూ ఉండేవి. సెలూను గోడ నిండా పత్రికల అట్టలు అంటించి ఉండేవి. మా మేనత్త వాళ్లింట్లో అయితే ఒక చందమామ అట్టకి అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టుకున్నారు.

మీరు రోజుకి వెయ్యి బొమ్మలు ఫోన్లో చూస్తున్నారు. మాకు నెలకి చేతికందేవి కొన్నే. అందుకని ఒక్కో అట్టనీ నెల పొడుగునా చూసేవాళ్లం. ఏ అట్టలో ఏ మూల ఏ రంగు ఉందో కళ్లు మూసుకుని చెప్పేవాళ్లం. కొరత వల్ల మాకు ఒరిగిన మేలు అది. ఒకే బొమ్మని ఇరవైసార్లు చూస్తే గాని, అది మనల్ని ఎట్టా పట్టి నిలబెట్టిందో అర్థం కాదు.

చందమామ అంటే మనకి ఇంకాస్త గర్వం. 1947 జులైలో, స్వరాజ్యం రావటానికి ఒక నెల ముందు, అది మొదలైంది. కడప జిల్లా నాగిరెడ్డి గారూ, మన తెనాలి చక్రపాణి గారూ కలిసి పెట్టారు. చక్రపాణి గారి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. ఏళ్ల తరబడి దాన్ని దిద్ది తీర్చిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. లోపల పేజీల్లో చిత్రా గారి బొమ్మలు, శంకర్ గారి బొమ్మలు. విక్రమార్కుడు భుజాన శవాన్ని వేసుకుని కత్తి పట్టుకుని నడిచే బొమ్మ ఉందే, అది శంకర్ గారిది. అట్టల మీద ఎం.టి.వి. ఆచార్య గారు భారతాన్ని దింపారు. ఆ తర్వాత వడ్డాది పాపయ్య గారు, వపా అని సంతకం చేసే ఆయన, అట్ట తీసుకున్నారు.

వపా శ్రీకాకుళంలో 1921లో పుట్టారు. విజయనగరం మహారాజా కాలేజీలో డ్రాయింగు చెబుతూనే బొమ్మలు వేసేవారు. రవివర్మ బొమ్మలు చూసి చెయ్యి సాధించుకున్న మనిషి ఆయన. అయినా ఆయన నీటిరంగుల బొమ్మ పక్కన రవివర్మ తైలవర్ణ చిత్రం పెట్టి చూడండి. పోలికే ఉండదు. ఆ ఒంపు వేరు, ఆ పలచటి రంగు వేరు, ఆ ఆడపిల్లల కళ్లు వేరు. చూసి నేర్చుకోవటానికీ, చూసి ఎత్తెయ్యటానికీ తేడా తెలుసుకోవాలంటే ఆయన బొమ్మలకంటే మంచి పాఠం లేదు.

ఇక మా సంగతికి వస్తా. సంక్రాంతి సంచికకి అట్ట కావాలి. ఒకడు, వపా అట్ట మీద గళ్లు గీసి, డ్రాయింగు షీటు మీద పెద్ద గళ్లు గీసి, గడికి గడి దింపేద్దాం అన్నాడు. ఇంకొకడు, చందమామలో ఉన్నట్టు పైన పేరు, పక్కన చంద్రుడు పెడదాం అన్నాడు. డ్రాయింగు మాస్టారు దగ్గరికి పోయాం. ఆయన కోప్పడలా. "గళ్లు గీసి పెంచటం మంచి విద్యేరా. తెనాలిలో నాటకాల తెరలు రాసేవాళ్లూ, సినిమా బ్యానర్లు రాసేవాళ్లూ అట్టాగే పెంచుతారు. చెయ్యి తిరగాలంటే చెయ్యండి. కానీ పత్రిక మీది, ఊరు మీది. అట్ట మీద ఎక్కడో కూర్చుని వపా గారు చూసిన అమ్మాయి ఎందుకు? మీరు చూసిందేంది?" అన్నారు.

ఆ మాట మాకు ఎక్కడో తగిలింది. అట్టయితే ఎట్టా చెయ్యాలి మాస్టారూ అని అడిగాం. ఆయన చెప్పిన పద్ధతి ఈనాటికీ నేను మర్చిపోలేదు. మీరూ గుర్తుపెట్టుకోండి.

ముందు అట్టలన్నీ తెచ్చి నేల మీద పరిచి, తలకిందులుగా పెట్టమన్నారు. బొమ్మ తిన్నగా ఉంటే మన కన్ను మొహం మీదికి పోతుంది, నగల మీదికి పోతుంది. తిరగేస్తే మొహం కనపడదు. బరువు ఎటు ఉంది, ఖాళీ ఎటు ఉంది, అదే కనపడుతుంది. తర్వాత కళ్లు సగం మూసి చూడమన్నారు. చిన్న చిన్న గీతలన్నీ కలిసిపోయి నాలుగైదు ముద్దలు మిగులుతాయి. అప్పుడు చిత్తుకాగితం మీద అగ్గిపెట్టంత చదరం గీసి, ఆ ముద్దలని బొగ్గుతో పెట్టమన్నారు. మొహాలు వద్దు, పేర్లు వద్దు. ఒక్కో అట్టకి ఒక్కో చదరం. గోడకి వరసగా అంటించాక చూస్తే, అన్నాళ్లూ చూసిన అట్టలు మాకు కొత్తగా కనపడ్డాయి.

చందమామ చదరాల్లో పైభాగం ఎప్పుడూ నిమ్మళంగా ఉంది. ఎందుకని అడిగారు మాస్టారు. మాకు తోచలా. ఆయనే చెప్పారు. అది ఒక్క తెలుగులోనే వచ్చే పత్రిక కాదు. తమిళంలో అంబులిమామ, ఇంకా హిందీ, కన్నడం, ఒరియా, అట్టా ఎన్నో భాషలు. బొమ్మ అదే, పైన పేరు మాత్రం ఆ భాష లిపిలో ఉంటుంది. ఏ లిపి వచ్చి కూర్చున్నా ఇరుకు కాకుండా బొమ్మలో చోటు ఉండాలి. పేరుకి చోటు ముందే ఉంచుకుని తర్వాత బొమ్మ వెయ్యాలన్నది అక్కడ మాకు దొరికింది.

వపా చదరాల్లో మనుషులు అట్టలో పెద్ద భాగం ఆక్రమించారు, రంగులు మాత్రం కొద్ది. ఎక్కడ వెలుగు పడాలో అక్కడ రంగు లేదు, కాగితమే ఉంది. నీటిరంగులో తెలుపు పెట్టరు, కాగితాన్ని వదిలేస్తారు. వదిలెయ్యటం కూడా వెయ్యటమేనని మాస్టారు చెప్పారు. సోవియట్ భూమి చదరాల్లో ఒకటే పెద్ద ముద్ద. ఒక మనిషో, ఒక యంత్రమో, నేల దగ్గర కూర్చుని పైకి చూసినట్టు తీసిన ఫోటో. కిందనుంచి చూస్తే మామూలు కూలిమనిషి కూడా నిండుగా కనపడతాడు. బాపు గారి బొమ్మల్లో గీతలు ఎన్నని లెక్కపెట్టమన్నారు. లెక్కపెడితే ఆశ్చర్యం వేసింది, అంత తక్కువ. ఆయన రాసే అక్షరం కూడా బొమ్మలో భాగమే. నరసాపురంలో పుట్టిన ఆయన చేతిరాత తర్వాత తెలుగు వాళ్లందరికీ అచ్చు అక్షరమైంది, మీ కంప్యూటర్లలో కూడా ఉంది.

ఒక స్నేహితుడి అన్న బాపట్ల వ్యవసాయ కాలేజీలో చదివేవాడు. ఆయన దగ్గర పాత టైమ్ పత్రికలు దొరికాయి. అమెరికా పత్రిక. 1927 నుంచి దాని అట్ట చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది. అప్పట్లో లోపల వారం వారం మొహం మారేది, అంచు మారేది కాదు. నేషనల్ జియోగ్రాఫిక్ పసుపుపచ్చ అంచు కూడా అట్టాంటిదే. పేరు చదవకముందే దూరాన్నించి అంచు చూసి పోల్చుకుంటారు. ఇది కూడా మేం రాసి పెట్టుకున్నాం.

మాస్టారు ఇంకో సంగతి భూతద్దం పెట్టి చూపించారు. అచ్చు అట్టలో రంగు ముద్దగా ఉండదు, అన్నీ చుక్కలే. పసుపు, ఎరుపు, నీలం, నలుపు, నాలుగు బ్లాకులు ఒకదాని మీద ఒకటి అచ్చు వేస్తే అన్ని రంగులూ పుడతాయి. ఒక బ్లాకు వెంట్రుకవాసి జరిగినా పెదవి రంగు పెదవి దాటిపోతుంది. అచ్చుపనివాళ్ల చేతిలో ఎంత ఒడుపు ఉండాలో అప్పుడు తెలిసింది. ఆ చుక్కలు చూశాక అట్టని నలిపి పారేసే బుద్ధి పుట్టలా మాకు.

ఇదంతా అయ్యాక మాస్టారు అట్టలన్నీ తీసి ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశారు. "ఇక వీటి జోలికి పోవద్దు. పెన్సిళ్లు తీసుకుని ఊరి మీద పడండి" అన్నారు. అసలు కీలకం అంతా అక్కడుంది. చూసినంత సేపు చూడు, అర్థం చేసుకో, తర్వాత మూసెయ్. తెరిచి పెట్టుకుని గీస్తే చెయ్యి దానివైపే లాగుతుంది.

కొమ్మమూరు కాలవగట్టు మీదికి పోయాం. పుష్యమాసం. ఒక పక్క వరి కోసిన మళ్లలో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. ఇంకో పక్క నల్లరేగడిలో పత్తి. కళ్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఏది గీయాలో తెలియలా, కనపడ్డదల్లా గీశాం. తాడిచెట్లు గీశాం, వాములు గీశాం, నీళ్ల బిందెలు గీశాం. పొద్దు వాలుతుండగా కాలవ కట్ట వెంట ఒక బండి వెళ్తా ఉంది. తడికలు కట్టి విడిపత్తి నింపిన బండి. మేం దాని వెనకాల, కట్ట దిగువన ఉన్నాం. ఎడ్లు కనపడలేదు, కొమ్ముల చివరలు మటుకు అటొకటి ఇటొకటి కనపడుతున్నాయి. తోలేవాడు కనపడలేదు. ఆకాశానికి అడ్డంగా తెల్లటి పత్తి, దాని మీద చివరి ఎండ. అందరం ఒకేసారి ఆగిపోయాం. ఎవరూ ఎవరికీ చెప్పుకోలా, అట్ట దొరికిందని అందరికీ తెలిసిపోయింది.

ఆ రాత్రి గ్రంథాలయంలో లాంతరు ముందు కూర్చున్నాం. పత్తికి రంగు వెయ్యలా. కాగితాన్నే వదిలేశాం. చుట్టూ ఆకాశానికి నీలిమందు పలచగా పూస్తే పత్తి దానంతట అదే పైకి లేచింది. ఆ పాఠం వపా గారి దగ్గరిది. బండిని దిగువనుంచి చూసినట్టు వేశాం, అది సోవియట్ భూమి దగ్గరిది. కాలవ కట్టని కింద ఎడమ మూలనుంచి కుడివైపు పైకి ఏటవాలుగా లాగాం. చూసేవాడి కన్ను కట్ట వెంబడే నడిచి బండి దగ్గరికి పోతుంది. నలుపుకి దీపపు మసి తుమ్మజిగురులో నూరాం. ఎరుపుకి జేగురు. పసుపు కొమ్ము వాడదామనుకుంటే మాస్టారు ఒద్దన్నారు, ఎండ తగిలితే వెలిసిపోతుందని. దానికి మటుకు రంగులపెట్టె తెరిచాం. మూడు నాలుగు రంగులతో ఆపేశాం, ఎక్కువ రంగులు లేక కాదు, అక్కర్లేక.

అంచు ఎట్టా అన్నప్పుడు మా చెల్లెలు పలికింది. ధనుర్మాసం కదా, రోజూ వాకిట్లో ముగ్గు పెడతా ఉంది. అంచు చుట్టూ చుక్కలు పెట్టి, మెలికల ముగ్గు తిప్పుకుంటూ నాలుగు వైపులా వచ్చి మొదలుపెట్టిన చోటే కలిపింది. కొలబద్ద పెట్టలా. నాలుగు మూలలూ సరిగ్గా కుదిరాయి. ఎర్రటి అంచు అమెరికా వాళ్లది. ముగ్గు అంచు మా చెల్లెలిది. దూరాన్నించి చూస్తే ఇది మన పత్రిక అని ఎవరైనా చెబుతారు.

పేరు రాయటం దగ్గర అన్నిటికంటే ఎక్కువ పాట్లు పడ్డాం. ఇంగ్లీషు పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తు, ఒక పట్టీలో ఇమిడిపోతాయి. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి ఉంటాయి, కింద ఒత్తు ఉంటుంది. "సంక్రాంతి" అని రాస్తే క్రావడి కిందికి దిగుతుంది, గుడి పైకి లేస్తుంది. ఇంగ్లీషు పత్రిక చూసి సన్నటి పట్టీ వదిలితే మన అక్షరం ఊపిరాడక చచ్చిపోతుంది. అందుకని పేరుకి అట్టలో పావువంతు ఇచ్చాం. మాలో దస్తూరీ బాగున్నవాడు వెదురుకలంతో పదిసార్లు రాసి చూశాడు. చివరికి క్రావడి కొసని కిందికి సాగదీసి, పత్తిబండికి బిగించిన మోకులో కలిపేశాడు. పేరూ బొమ్మా ఒకటైపోయాయి. మాస్టారు ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు మాట్టాడలా.

పండగనాడు బల్ల మీద పెట్టాం. కథలు తర్వాత చదివారు, ముందు అట్ట దగ్గరే మూగారు. ఇది ఫలానావాళ్ల బండి అని ఒకరు, కాదు వీళ్లదని ఒకరు. ఒక పెద్దాయన వేలు పెట్టి, ఇది కాలవ మలుపు తిరిగే చోటు, ఇక్కడే మా గిత్త కాలు జారింది అన్నాడు. చదువు రాని మనిషి ఆయన. అట్ట మాత్రం చదివాడు. రోజూ పత్రికలు చదివేవాళ్లు కూడా అది ఏ పత్రికని చూసి వేశారో పోల్చలేకపోయారు. నేను నేర్చుకున్నదంతా ఆ సాయంత్రం నేర్చుకున్నాను. ఊరివాళ్లు పోల్చుకోవాలి, ఇతర పత్రిక పోలిక కనపడకూడదు. రెండూ జరిగితే అది సొంత బొమ్మ.

అయినా అప్పు దాచుకోలేదు. ఆఖరి పేజీలో మాస్టారు మా చేత రాయించారు, వపా గారి దగ్గర వెలుగు, బాపు గారి దగ్గర అక్షరం, ఫలానా పత్రికల దగ్గర అమరిక నేర్చుకున్నాం అని. నేర్చుకున్న చోటు చెప్పుకుంటే మన పని తక్కువ కాదు. పైగా చదివినవాళ్లు ఆ బొమ్మలు వెతుక్కుని చూస్తారు. నేర్చుకోవటానికి చట్టం కూడా అడ్డురాదు. మన 1957 కాపీరైటు చట్టం బొమ్మని కాపాడుతుంది, గీసినవాళ్లు పోయాక 60 ఏళ్ల దాకా. కానీ పేరుకి చోటు వదలటం, ఏటవాలుగా కట్ట లాగటం, అంచు కట్టటం, ఇట్టాంటి ఆలోచనలకి అది గొళ్లెం పెట్టదు. వపా గారు 1992లో పోయారు. ఆయన బొమ్మ ఎత్తుకుని మీ పేరు పెట్టుకుంటే తప్పు. ఆయన దగ్గర వెలుగు నేర్చుకుంటే ఆయనకి నమస్కారం.

చిన్న ఊరినుంచి ఇట్టాంటి పనిలో పైకొచ్చినవాళ్లూ ఉన్నారు. మన పక్కనే పొన్నూరు దగ్గర బ్రాహ్మణ కోడూరు ఉంది. మాధవపెద్ది గోఖలే గారు ఆ ఊరివారే. మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో చదివారు, పత్రికల్లో పనిచేశారు, మన పల్లెల మాటలో కథలు రాశారు. 1957లో వచ్చిన మాయాబజార్‌కి కళాధర్ గారితో కలిసి కళాదర్శకత్వం చేశారు. ఆ సినిమా తీసింది కూడా ఆ నాగిరెడ్డి, చక్రపాణి గార్లే. ఒక చేత్తో చందమామ, ఇంకో చేత్తో మాయాబజార్. మద్రాసు పోయినా ఈ నేల మాటా, ఈ నేల రంగూ వాళ్లు వదిలిపెట్టలా. ఇంత చిన్న ఊళ్లలో మనకి ఏం వస్తుందిలే అని ఎవరైనా అంటే నాకు కోపం వచ్చేది అందుకే.

మా వ్రాతపత్రిక ఎంతో కాలం సాగలా. కొందరు చదువులకి పోయారు, కొందరు సేద్యంలో పడ్డారు. ఆ వెదురుకలం వాడు మటుకు తర్వాత బోర్డులు రాసి బతికాడు. గుంటూరు రోడ్డున ఎరువుల కొట్లకి, పత్తి కొట్లకి వాడు రాసిన పేర్లు చాలా ఏళ్లు నిలిచాయి. చందమామ కూడా 2010ల్లో ఆగిపోయింది. దాని పాత సంచికలు మటుకు అట్టలతో సహా మీ ఫోన్లలో దొరుకుతున్నాయి. మేం నెల నెలా ఎదురుచూసినవి మీ వేలి కింద ఉన్నాయి. మాకు లేని భాగ్యం అది. దాన్ని ఊరికే పైకి తోసుకుంటూ పోవద్దు. ఒక అట్ట దగ్గర ఆగండి. తలకిందులు చెయ్యండి. అగ్గిపెట్టంత చదరంలో బొగ్గుతో దాని బరువు పట్టుకోండి.

మీలో ఎవరికి పెళ్లి శుభలేఖ వెయ్యమని వచ్చినా, బడి వార్షికోత్సవానికి అట్ట వెయ్యమని వచ్చినా, తయారుగా దొరికే అచ్చులో పేరు మార్చి ఇచ్చెయ్యబాకండి. ఆ పిల్ల ఎవరు, ఆ బడి ఎక్కడుంది, ఆ వీధిలో ఏ చెట్టు ఉంది, అది కనుక్కోండి. అమరిక ఎక్కడనుంచైనా నేర్చుకోండి, అమెరికానుంచైనా, మద్రాసునుంచైనా. లోపల పెట్టేది మీరు కళ్లారా చూసింది కావాలి. పని అయ్యాక బొమ్మ కింద మీ పేరు రాయండి. రాసేటప్పుడు, ఎక్కడనుంచి ఎత్తిందో ఎవరైనా గుర్తుపడతారేమోనని చెయ్యి వెనక్కి లాగితే, ఆ బొమ్మ పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టండి. చెయ్యి ధైర్యంగా కదిలితే, ఆ బొమ్మ మీది, మీ ఊరిది.